మన ఊళ్లో రెండు రోజుల డాక్యుమెంటరీ ఫెస్టివల్ పెట్టడం ఎలా? (బెజవాడ, గుంటూరు వాళ్ల కోసం)

విజయవాడలోనో గుంటూరులోనో చిన్న డాక్యుమెంటరీ ఫెస్టివల్ పెట్టాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. కాలేజీ లెక్చరర్లు, లైబ్రరీలు నడిపేవాళ్లు, నాటకాల వాళ్లు, ఊరికే సినిమా పిచ్చి ఉన్నవాళ్లు, అందరిదీ మొదటి ప్రశ్న ఒకటే: ఎన్ని సినిమాలు వేయాలి? ఆ జవాబు ముందే చెప్పేస్తాను. రెండు రోజులకి ఆరు చాలు, ఏడు దాటొద్దు. డాక్యుమెంటరీలు ఇప్పుడు ఫోన్లో కూడా దొరుకుతున్నాయి కదా, జనం పని మానుకుని మీ హాలు దాకా వచ్చేది ఆ సినిమా తీసిన మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి నాలుగు మాటలు అడగడానికి. ఆ అడిగే టైము మిగలకుండా పదిహేను సినిమాలు కుక్కేస్తే పోస్టరు బ్రహ్మాండంగా ఉంటుంది, హాలు మాత్రం సాయంత్రానికి ఖాళీ అవుతుంది.

కింద రాసిందంతా టికెట్ లేని, వందా నూట యాభై మంది పట్టే ఫెస్టివల్‌ని దృష్టిలో పెట్టుకుని రాసింది.

ముందు చేతిలో ఉండాల్సినవి

- నలుగురు మనుషులు. ఒకరికి సినిమాలు, అనుమతులు. ఒకరికి ప్రొజెక్షన్, సౌండ్. ఒకరికి హాలు, అతిథులు, భోజనాలు. ఒకరికి డబ్బు లెక్క. "అందరం కలిసి అన్నీ చూసుకుందాం" అంటే ఎవరూ ఏదీ చూడరు.
- కనీసం మూడు నెలల టైము. అందులో సగం ఉత్తరాలకి జవాబులు రావడానికే పోతుంది.
- చీకటి చేయగలిగిన హాలు, ప్రొజెక్టర్, తెర, రెండు లాప్‌టాప్‌లు, మంచి స్పీకర్లు, మూడు మైకులు (రెండైనా కార్డ్‌లెస్‌వి).
- డబ్బు. ఖర్చు పెట్టే వరస ఇది: దర్శకుల ఫీజు, వాళ్ల ప్రయాణం, ప్రొజెక్టర్, సౌండ్ అద్దె, హాలు, టీ టిఫిన్లు, అన్నిటికన్నా చివర ఫ్లెక్సీలు. మన దగ్గర ఇది సరిగ్గా తిరగబడి జరుగుతుంది.

1. తేదీ

ధనుర్మాసం చూసుకోండి. డిసెంబరు సగం నుంచి సంక్రాంతి దాకా ముహూర్తాలు ఉండవు కాబట్టి ఫంక్షన్ హాళ్లు, సౌండ్ వాళ్లు, జనరేటర్ వాళ్లు, కేటరింగ్ వాళ్లు అందరూ ఖాళీగా ఉంటారు, బేరం కూడా మీ వైపే ఉంటుంది. మాఘమాసంలో అదే సౌండ్ సిస్టమ్ కోసం పెళ్లివాళ్లతో పోటీ పడాలి. ఆషాఢంలో కూడా ముహూర్తాలుండవు గానీ వానలు. విజయవాడలో అయితే జనవరి మొదట్లో పుస్తక మహోత్సవం ఉంటుంది, చదివే జనం సాయంత్రాలన్నీ అక్కడే గడుపుతారు, కాబట్టి దానికి ఒక వారం ముందే ముగించండి. దసరా పది రోజులూ ఇంద్రకీలాద్రి రద్దీలో బయటి ఊరి అతిథిని తీసుకురావడమే పెద్ద పని. మార్చిలో ఇంటర్ పరీక్షలు, మేలో ఎండ, ఈ రెండూ అసలు వద్దు.

శని, ఆదివారాలు పెట్టండి, రెండో శనివారం అయితే ఇంకా మేలు. ఆ రోజు ఇండియా మ్యాచ్ ఉందేమో కూడా చూసుకోండి, నవ్వులాటకి అనడం లేదు.

2. హాలు

విజయవాడలో తుమ్మలపల్లి కళాక్షేత్రం అందరికీ తెలిసిందే, కానీ అందులో నూట యాభై మంది కూర్చుంటే ఎవరూ రానట్టు కనిపిస్తుంది. ఠాగూర్ గ్రంథాలయం, ఎం.బి. విజ్ఞాన కేంద్రం లాంటి చోట్లో, కాలేజీ సెమినార్ హాళ్లో అడగండి. గుంటూరులో వేంకటేశ్వర విజ్ఞాన మందిరం ఉంది, కాలేజీలకి కొదవే లేదు. అద్దె ఎంతో కనుక్కునేటప్పుడు కరెంటు, ఏసీ, జనరేటర్ డీజిల్, వాచ్‌మన్ ఇవన్నీ అందులో కలిసే ఉన్నాయా, విడిగా కట్టాలా అనేది కాగితం మీద రాయించుకోండి.

హాలు చూడ్డానికి మీ మొదటి సినిమా ఏ టైముకి పడుతుందో ఆ టైముకే వెళ్లండి. ఉదయం పది గంటల సినిమా వేసే హాలుని రాత్రి ఏడింటికి చూసి బుక్ చేస్తే తూర్పు కిటికీలు, పైనున్న వెంటిలేటర్లు ఏవీ కనపడవు. మధ్యలో నిలబడి ఒకసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. ఆ చప్పుడు గిర్రున తిరిగి రెండోసారి వినపడితే ఆ హాల్లో డాక్యుమెంటరీ వేయొద్దు, ఎందుకంటే మన సినిమాలో నడిచేదంతా మాటే, టైల్స్ నేల, సిమెంటు గోడల మధ్య ఆ మాట ముద్దయిపోతుంది. వేరే గతి లేకపోతే టెంట్ హౌస్ నుంచి కార్పెట్లు, పక్క గోడలకి మందపాటి పరదాలు తెప్పించండి. జనం నిండాక ఆ మారుమోత కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు.

ఇంకో రెండు చూడాలి. ఆడవాళ్లకి శుభ్రమైన బాత్రూమ్ ఉందా, మెట్లెక్కలేని వాళ్లు లోపలికి రాగలరా. ఈ రెండింటిలో ఏది లేకపోయినా మీ ప్రేక్షకుల్లో కొంతమంది రెండో రోజు రారు, ఎందుకు రాలేదో కూడా చెప్పరు.

3. అనుమతులు

ఇవి రెండు రకాలు, చాలామంది ఒకటే అనుకుంటారు.

మొదటిది సినిమా హక్కులున్నవాళ్ల అనుమతి. యూట్యూబ్‌లో ఉంది కదా అని వేసేయకూడదు. ఓటీటీ అకౌంట్ ఇంట్లో చూసుకోవడానికి ఇచ్చినది, హాల్లో వేయడానికి పనికిరాదు. నెట్‌ఫ్లిక్స్ తన సొంత డాక్యుమెంటరీల్లో కొన్నింటిని చదువు కోసం, డబ్బు తీసుకోకుండా, ఒక్కసారి వేసుకోనిస్తుంది, అది కూడా వాళ్ల షరతులు చదివాకే. మిగతావాటికి దర్శకులకో నిర్మాతకో నేరుగా రాయండి. పాత ఫిల్మ్స్ డివిజన్ (కేంద్ర ప్రభుత్వ డాక్యుమెంటరీ సంస్థ) సినిమాల కోసం ఇప్పుడు జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థ ఎన్ఎఫ్‌డీసీని అడగాలి, ఫిల్మ్స్ డివిజన్ ఇందులో కలిసిపోయింది. మీ ఉత్తరంలో తేదీ, ఊరు, హాలు, ఎంతమంది పడతారు, టికెట్ ఉందా లేదా, ఎంత ఫీజు ఇవ్వగలరు, ఇవన్నీ మొదటి పేరాలోనే ఉండాలి. "మేం సేవాభావంతో చేస్తున్నాం" అని రాసి ఫీజు మాట ఎత్తకపోవడం అలవాటుగా జరిగే తప్పు. చిన్న మొత్తమైనా ఫలానా ఇంత అని రాయండి. వద్దనేవాళ్లు వాళ్లే వద్దంటారు.

రెండోది ప్రభుత్వం వైపు నుంచి. 1952 సినిమాటోగ్రఫ్ చట్టం ప్రకారం బహిరంగంగా వేసే సినిమాకి సెన్సార్ సర్టిఫికెట్ ఉండాలి. డాక్యుమెంటరీ అయినా, టికెట్ లేకపోయినా సరే. కాబట్టి తేలికైన దారి, సర్టిఫికెట్ ఉన్న సినిమాలే ఎంచుకుని దాని కాపీ ముందే తెప్పించుకోవడం. లేనివి వేయాలంటే కేంద్ర సమాచార ప్రసార శాఖకి రాసి ఫెస్టివల్ మినహాయింపు అడగాలి. సినిమాల జాబితా, ఒక్కోదాని సారాంశం, ఎంపిక చేసినవాళ్ల వివరాలు పంపాలి, ప్రదర్శన వ్యాపారం కోసం కాకూడదు, ముందుగా పేరు నమోదు చేసుకున్న డెలిగేట్లనే రానివ్వాలి. దీనికి కనీసం రెండు నెలలు చేతిలో ఉంచుకోండి.

జాగ్రత్త: 'ఏ' సర్టిఫికెట్ సినిమా ఉన్న రోజు ఇంటర్ పిల్లల్ని బస్సులో దించే కాలేజీలుంటాయి. పద్దెనిమిది నిండనివాళ్లు దానికి రాకూడదు, ఈ సంగతి కాలేజీకి ముందే రాతపూర్వకంగా చెప్పండి.

పోలీస్ స్టేషన్‌లో ఒక ఉత్తరం ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. ఆరుబయట వేస్తే రాత్రి పది తర్వాత మైకు పనికిరాదు. డిసెంబరులో ఆరింటికల్లా చీకటి పడుతుంది కాబట్టి ఆరున్నరకి మొదలుపెట్టినా టైము సరిపోతుంది. మంచుకి, దోమలకి మీరే ఏదో ఒకటి చూసుకోవాలి.

4. సినిమాల ఎంపిక

తిరువనంతపురంలో 2008 నుంచి నడుస్తున్న డాక్యుమెంటరీ, షార్ట్ ఫిల్మ్ ఫెస్టివల్ ఐడీఎస్ఎఫ్ఎఫ్‌కే, ముంబైలో 1990లో మొదలై రెండేళ్లకోసారి జరిగే డాక్యుమెంటరీ ఫెస్టివల్ మిఫ్, వీటి పాత జాబితాలు తిరగేయండి. ఎవరు ఏం తీస్తున్నారో సగం అక్కడే తెలిసిపోతుంది. తర్వాత మన జిల్లాలవైపు నుంచి ఆలోచించండి. ఎక్కడో చేనేత మీద తీసిన సినిమా దొరికితే చర్చకి మంగళగిరి నుంచి ఒక నేత కార్మికుణ్ని పిలవండి. పంట మందుల మీద అయితే మిర్చి యార్డు తెలిసిన రైతుని. వరద మీద అయితే 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్‌లో మేడల మీద ఉండిపోయినవాళ్లు ఇక్కడే ఉన్నారు. దర్శకుల పక్కన ఇలాంటి మనిషి కూర్చుంటే హాలంతా నిటారుగా కూర్చుంటుంది.

ప్రతి సినిమానీ మీ నలుగురూ మొదటి నుంచి చివరిదాకా చూడాలి. ట్రైలర్ చూసి, అవార్డు చూసి ఎంపిక చేయొద్దు. ఒక గంట లోపు ఉన్నవి ఎక్కువ తీసుకోండి. గంటన్నర సినిమా రెండు రోజుల్లో ఒక్కటి చాలు, అది కూడా సాయంత్రానికి.

5. సబ్‌టైటిల్స్

హిందీ, మలయాళం, ఇంగ్లీషు సినిమాకి ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ ఉన్నాయి కదా సరిపోతుంది అనుకుంటే మీ ప్రేక్షకులు సగానికి పడిపోతారు. తెలుగువి చేయించండి. దర్శకుల దగ్గర ఎస్ఆర్‌టీ ఫైల్ (మాటలూ, అవి తెరమీద పడే టైమూ ఉండే సబ్‌టైటిల్ ఫైల్) తీసుకుని, అనుమతి అడిగి, తెలుగు బాగా రాసేవాళ్లకి ఇవ్వండి. మెషీన్ అనువాదం తీసుకున్నా ప్రతి లైనూ ఒక మనిషి సినిమా చూస్తూ దిద్దాల్సిందే, లేకపోతే ఏడుపు సీన్లో జనం నవ్వుతారు.

తెరమీద రెండు వరసలకి మించొద్దు. మాట్లాడిన ప్రతి ముక్కా రాయక్కర్లేదు, చదివేలోపు మాయమయ్యే పూర్తి వాక్యం కన్నా కుదించిన వాక్యం మేలు. మనకి వత్తులున్నాయి కాబట్టి వరసల మధ్య ఖాళీ ఇంగ్లీషు కన్నా ఎక్కువ వదలాలి, కింది వరస మరీ అంచుకి పెడితే వత్తులు తెగిపోతాయి. ఫైల్ యూటీఎఫ్-8లో (తెలుగు అక్షరాలు చెడకుండా ఉంచే ఎన్‌కోడింగ్) సేవ్ చేయండి. కొన్ని ప్లేయర్లలో తెలుగు అక్షరాలు విడిపోయి క కింద వత్తు పక్కకి వచ్చి కూర్చుంటుంది. అందుకని సబ్‌టైటిల్స్‌ని వీడియోలోనే కలిపేసి కొత్త ఫైల్ చేయించుకోవడం నిశ్చింత.

సరిచూడ్డం ఇలా: సినిమా మొదట్లో, మధ్యలో, చివర్లో మూడు చోట్ల మాటకీ అక్షరానికీ పొంతన చూడండి. మొదట్లో సరిగ్గా ఉండి చివరికి వచ్చేసరికి తప్పిందంటే ఫ్రేమ్ రేటు (సెకనుకి ఎన్ని బొమ్మలు) తేడా. 25 ఫ్రేములకి చేసిన సబ్‌టైటిల్‌ని 24 ఫ్రేముల సినిమాకి పెడితే గంటకి రెండున్నర నిమిషాల దగ్గరదాకా జరిగిపోతుంది. మొత్తాన్ని ముందుకో వెనక్కో జరిపితే ఇది పోదు, ఫ్రేమ్ రేటే మార్చాలి.

తెలుగు సబ్‌టైటిల్స్‌కి టైము లేకపోతే, సినిమాకి ముందు ఒకరు వచ్చి ఎవరు ఎవరో, కథ ఏ ఊళ్లో జరుగుతుందో రెండు నిమిషాల్లో చెప్పాలి. ముగింపు చెప్పేయకూడదు, ఇది కూడా చెప్పాల్సి వస్తోంది.

6. ప్రొజెక్షన్, సౌండ్

పదీ పన్నెండు అడుగుల వెడల్పు తెరకి, చీకటి హాల్లో, 4000 నుంచి 5000 ల్యూమెన్స్ (వెలుతురు కొలత) ప్రొజెక్టర్ కావాలి. ఆఫీసు మీటింగులకి వాడేది తెస్తే రాత్రి సీన్లన్నీ బూడిదే. త్రో రేషియో (తెర వెడల్పుకి ఎన్ని రెట్ల దూరంలో ప్రొజెక్టర్ ఉండాలో చెప్పే లెక్క) అడగండి: 1.5 అయితే పదడుగుల తెరకి పదిహేను అడుగుల దూరం, అంటే ప్రొజెక్టర్ ఎక్కడ పెట్టాలో, ఎన్ని కుర్చీలు తీయాలో ముందే తెలుస్తుంది. నేల సమంగా ఉన్న హాల్లో తెర కింది అంచు నేల నుంచి ఐదడుగులైనా ఎత్తులో ఉండాలి. లేదంటే ముందువాళ్ల తలల వెనక సబ్‌టైటిల్స్ దాక్కుంటాయి, వెనక సగం హాలుకి సినిమా అర్థం కాదు.

లాప్‌టాప్ నుంచి ప్రొజెక్టర్‌కి దూరం ఎక్కువైతే మామూలు హెచ్‌డీఎంఐ తీగ బొమ్మని మినుకు మినుకుమనిపిస్తుంది. పదిహేను మీటర్లు దాటితే ఫైబర్ రకమో ఎక్స్‌టెండరో అడగండి. లాప్‌టాప్‌ని మిక్సర్‌కి కలిపినప్పుడు గుంయ్‌మని శబ్దం వస్తే చార్జర్ తీసి చూడండి, ఆగిపోతే ఎర్తింగ్ గొడవ, సౌండ్ అతన్ని డీఐ బాక్స్ (ఆ శబ్దాన్ని ఆపే చిన్న పెట్టె) అడగండి. మన సౌండ్ వాళ్లు పెళ్లి బ్యాండుకి అలవాటుపడి బాస్ పెంచేస్తారు. ఇక్కడ బాస్ తగ్గించి మాట స్పష్టంగా వినపడేలా పెట్టమని దగ్గర నిలబడి చెప్పాలి. మర్యాదగా, "అన్నా, పాటలు లేవు, మాటలే" అంటే అర్థం చేసుకుంటారు.

ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో తెస్తామంటారు. ఎఫ్ఏటీ32లో ఫార్మాట్ చేసిన డ్రైవ్‌లో నాలుగు జీబీ దాటిన ఫైల్ ఎక్కదు, ఎక్స్‌ఫాట్ చేయించండి. ప్రతి సినిమా రెండు లాప్‌టాప్‌ల్లోనూ ఉండాలి, రెండూ తీగలతో సహా బల్ల మీదే సిద్ధంగా ఉండాలి. అప్‌డేట్లు, స్క్రీన్ సేవర్, నోటిఫికేషన్లు ఆపేయండి, వాట్సాప్ వెబ్ లాగౌట్ చేయండి. ఇది మర్చిపోయిన చోట్ల ఎవరి ఇంటి సంగతులో వందమంది చదివేస్తారు.

ముందు రోజు అదే హాల్లో, అదే లాప్‌టాప్‌లో, అదే తీగతో ప్రతి సినిమా వేసి చూడండి. కళ్లద్దాలు పెట్టుకునే పెద్దాయన్నో పెద్దావిడనో చివరి వరసలో కూర్చోబెట్టి సబ్‌టైటిల్స్ పైకి చదవమనండి. తడుముకుంటే అక్షరాలు పెంచండి. కరెంటు పోతే జనరేటర్ అందుకునే లోపు ప్రొజెక్టర్ ఆరిపోకుండా యూపీఎస్ ఉందా, ఫ్యూజు తీయించి నిజంగా పరీక్షించండి.

7. టైమ్ టేబుల్

శనివారం మధ్యాహ్నం రెండున్నరకి మొదలుపెట్టి రాత్రి ఎనిమిదిన్నరకి ముగిస్తే మూడు సినిమాలు, ఆదివారం ఉదయం పదికి ఒకటి, మూడు తర్వాత రెండు. యాభై నిమిషాల సినిమాకి గంటన్నర పైన కేటాయించండి: సినిమా, వెంటనే ముప్పై ఐదు నిమిషాల చర్చ, తర్వాత పదిహేను నిమిషాల టీ. టీ తర్వాత చర్చ పెట్టొద్దు. టీ తాగిన జనం తిరిగి రారు. గుంటూరు, తెనాలి, మంగళగిరి వెళ్లాల్సినవాళ్లు బస్సు టైము చూసుకుంటూ ఉంటారు, ఎనిమిదిన్నర అంటే ఎనిమిదిన్నరే.

జ్యోతి ప్రజ్వలన కావాలంటే ఐదు నిమిషాలు. ముఖ్య అతిథి ముందు వరసలో కూర్చుని సినిమా చూస్తారని పిలిచేటప్పుడే చెప్పేయండి. శాలువాలన్నీ రెండో రోజు చివర్లో, అందరికీ కలిపి, పది నిమిషాల్లో.

8. దర్శకులతో చర్చ

అసలు పని ఇది, దీనికే అందరూ తక్కువ ఆలోచిస్తారు.

మోడరేటర్‌గా పేరున్న మనిషి అక్కర్లేదు, సినిమాని రెండుసార్లు చూసిన మనిషి కావాలి. లైట్లు వేయగానే "మీ ప్రయాణం గురించి చెప్పండి" అంటే దర్శకులు ఎప్పుడూ చెప్పే పది నిమిషాల పాఠం చెప్తారు, హాలు చల్లబడిపోతుంది. మొదటి ప్రశ్న తెరమీద ఇప్పుడే చూసినదాని మీద ఉండాలి. ఆ ముసలావిడ తలుపు వేసేసిన సీన్ తర్వాత కెమెరా ఎందుకు అక్కడే ఆగింది, ఆవిణ్ని మళ్లీ కలిశారా, సినిమా ఆవిడకి చూపించారా, ఇలాంటివి. వెంటనే నాలుగు చేతులు లేస్తాయి.

మైకు ఎవరి చేతికీ ఇవ్వొద్దు, వలంటీర్ పట్టుకుని ఉండాలి. మన సభల్లో మైకు చేతికొస్తే ప్రశ్న కాస్తా ఉపన్యాసమై 1975 దగ్గర మొదలవుతుంది. "మాస్టారూ, ప్రశ్న ఒక్క ముక్కలో" అని నవ్వుతూ అడ్డుపడటం మోడరేటర్ పని, అది మొహమాటపడే మనిషికి చేతకాదు. ఇంకోవైపు అమ్మాయిలు, విద్యార్థులు చాలామంది మైకులో అడగరు. సీట్ల మీద చిన్న చీటీలు, పెన్సిళ్లు పెట్టించండి, సినిమా అవుతుండగానే పోగుచేయండి. మంచి ప్రశ్నలు ఎక్కువగా చీటీల్లోనే వస్తాయి.

దర్శకులకి తెలుగు రాకపోతే పక్కన అనువాదానికి ఒకరు ఉండాలి. రెండు మూడు వాక్యాలకోసారి ఆపి చెప్పాలి. ఐదు నిమిషాలు మాట్లాడనిచ్చి "వారు సినిమా గురించి చక్కగా చెప్పారు" అని ముగించే అనువాదం అవమానం. ప్రేక్షకుల తెలుగు ప్రశ్న కూడా పూర్తిగా అవతలికి చేరాలి.

కులం, మతం, భూములు, రాజధాని లాంటి విషయం ఉన్న సినిమాకి ముందే చెప్పండి: సినిమాలో ఉన్నదాని మీద అడగొచ్చు, పక్కవాణ్ని తిట్టకూడదు, పార్టీ నినాదాలు వద్దు. సినిమాలో కనిపించిన మనిషి వేదిక మీదికి వస్తే "మీ బాధ మళ్లీ చెప్పండి" అని అడగనివ్వొద్దు. వాళ్లు ఏం మాట్లాడాలనుకుంటున్నారో ముందు రోజే ఫోన్లో కనుక్కోండి.

దర్శకులు రాలేకపోతే వీడియో కాల్ పెట్టొచ్చు. అవతలి గొంతు హాలు స్పీకర్లలో వస్తున్నప్పుడు హాలు మైకు ఆపాలి, లేకపోతే ఆయన మాట ఆయనకే తిరిగి వినపడి తడబడతారు. రెండు వేర్వేరు నెట్‌వర్కుల హాట్‌స్పాట్‌లు ఉంచుకోండి. నా లెక్కలో ఆరింటిలో రెండుకి మించి వీడియో చర్చలు ఉంటే ఫెస్టివల్ అనడం దండగ.

9. జనానికి చెప్పడం

పేరు నమోదుకి ఒక గూగుల్ ఫారం, ఒక వాట్సాప్ గ్రూపు చాలు. ఫ్రీ కాబట్టి పేరిచ్చినవాళ్లందరూ రారు, హాలు సీట్ల కన్నా కొన్ని ఎక్కువ పేర్లు తీసుకోండి. కాలేజీలకి, గ్రంథాలయాలకి స్వయంగా వెళ్లి చెప్పండి, పత్రికల జిల్లా ఎడిషన్లకి వారం ముందు ఒక పేజీ నోట్ ఇవ్వండి. ఒక్కో సినిమా దేని గురించో ఒక్క వాక్యంలో, దర్శకులు వస్తున్నారా లేదా అన్నది పక్కనే. వస్తారో రారో తేలని పేరు పోస్టరు మీద వేయొద్దు.

10. బాగా జరిగిందా లేదా ఎలా తెలుస్తుంది

ప్రతి సినిమాకీ మూడుసార్లు తలలు లెక్కపెట్టించండి: మొదలైన పది నిమిషాలకి, సినిమా అవగానే, చర్చ ముగిసేటప్పుడు. మొదటి లెక్క మీ ప్రచారానికి, రెండోది మీ ఎంపికకి, మూడోది మీ మోడరేటర్‌కి మార్కులు. మొదటికీ రెండోదానికీ తేడా ఎక్కువుంటే సౌండో సబ్‌టైటిల్సో ముందు అనుమానించండి, సినిమాని తర్వాత. బయటికెళ్లేవాళ్లకి పది ప్రశ్నల ఫారం ఇవ్వొద్దు. "వినపడిందా? చదవగలిగారా? ఏ సినిమాకి ఇంకొకర్ని తీసుకొచ్చి ఉండేవాళ్లు?" ఈ మూడు చాలు.

వారంలోగా దర్శకులకి ఫీజు పంపేయండి. దాంతోపాటు ఎంతమంది చూశారు, ఫొటోలు, చీటీల్లో అడగలేకపోయిన ప్రశ్నలు కూడా పంపండి, చాలామంది వాటికి తీరిగ్గా జవాబు రాస్తారు, ఆ జవాబుల్ని గ్రూపులో పెట్టొచ్చు. సినిమా ఫైళ్లు రెండు లాప్‌టాప్‌ల్లోంచీ, పెన్‌డ్రైవ్‌ల్లోంచీ తీసేసి, తీసేశామని ఒక లైను రాయండి. "మా కాలేజీకి ఒక కాపీ ఇవ్వండి" అని అడిగేవాళ్లు తప్పకుండా వస్తారు, వాళ్లకి దర్శకుల ఈమెయిల్ ఇవ్వొచ్చా అని దర్శకులనే అడిగి, సరే అంటే ఈమెయిల్ ఇవ్వండి, కాపీ మాత్రం ఇవ్వొద్దు.